హైదరాబాద్ నుంచి డల్లాస్ ఎన్ని కిలోమీటర్లు? మా నాన్న లెక్క అడుగుతున్నాడు

ఖమ్మంకుర్రాడు | ఏప్రిల్ 6, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. ఇదే మొదటి పోస్టు.

మాది ఖమ్మం. నాలుగేళ్ళుగా డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నా. అమ్మకీ నాన్నకీ వీసా వచ్చింది, మే నెలలో వస్తున్నారు. ఇద్దరికీ ఇదే మొదటి విమానం. నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. ఏ ఊరు ఎన్ని కిలోమీటర్లో, ఎక్కడ టీకి ఆపాలో, ఎక్కడ రోడ్డు బాగుండదో ఆయనకు కంఠతా వచ్చు. టికెట్ పంపించిన ఐదు నిమిషాలకు ఫోన్ చేసి "ఎన్ని కిలోమీటర్లురా?" అన్నాడు.

చూసి చెబుదామంటే నెట్‌లో ఒకచోట 14,400 అని ఉంది, ఇంకోచోట 15,500, మరోచోట 8,960 మైళ్ళు. ఏది చెప్పాలో తెలియలేదు.

టైమ్ దగ్గర ఇంకో గొడవ. టికెట్ ప్రకారం రాత్రి 9:50కి శంషాబాద్‌లో బయల్దేరి, మర్నాడు పొద్దున 9:50కి డల్లాస్‌లో దిగుతారు. మధ్యలో దుబాయ్‌లో మారాలి. నాన్న అది చూసి, "పన్నెండు గంటలేగా, తిరుపతి బస్సుకు కూడా అంత పడుతుంది" అంటున్నాడు. ఇరవై రెండున్నర గంటలని నేనంటే, "టికెట్ మీద రాసున్నదానికి ఎక్కువ చెప్తావేంటి" అని తిరిగి నన్నే అంటున్నాడు.

ఆయనకు నచ్చేలా ఎవరైనా లెక్క చెప్పండి. ఊరికే "చాలా దూరం" అంటే ఒప్పుకునే మనిషి కాదు.

---

బెజవాడబుల్లోడు | ఏప్రిల్ 7, ఉదయం 7:05

అన్నా, ఆర్టీసీ లెక్కలోనే చెప్పు. హైదరాబాద్–విజయవాడ 275 వేసుకుంటే 52 ట్రిప్పులు. సూర్యాపేట దగ్గర టిఫిన్ ఆపకుండా.

---

పెద్దక్క_ప్లేనో | ఏప్రిల్ 7, ఉదయం 8:30

తమ్ముడూ, ముందు టైమ్ గొడవ తేల్చేద్దాం, అది తేలిక.

డల్లాస్ మన కంటే ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. ఇక్కడ మార్చిలో గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు, నవంబరులో వెనక్కి తిప్పుతారు. మే కాబట్టి పదిన్నర. అంటే వాళ్ళు దిగే పొద్దున 9:50కి ఖమ్మంలో రాత్రి 8:20 అవుతుంది. ముందు రోజు రాత్రి 9:50 నుంచి ఆ రాత్రి 8:20 వరకు లెక్కేస్తే ఇరవై రెండున్నర. టికెట్ మీద ఎప్పుడూ ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు, అందుకే ఈ తికమక.

మా అమ్మా నాన్న మొదటిసారి వచ్చినప్పుడు నేను ఒకటే చెప్పాను, చేతి గడియారం ముట్టుకోవద్దని. దారి పొడుగునా ఇండియా టైమే ఉంచుకోమన్నాను. దుబాయ్‌లో గంటన్నర వెనక్కి, ఇక్కడ ఇంకో తొమ్మిది గంటలు వెనక్కి అని తిప్పుకుంటూ పోతే మందులెప్పుడు వేసుకోవాలో కూడా మర్చిపోతారు. గేటు టైమ్ కోసం ఎయిర్‌పోర్టులో బోర్డులు ఉంటాయి, అవి చూసుకుంటే చాలు.

తిరుగు ప్రయాణంలో మాత్రం ఇదంతా తిరగబడుతుంది. శుక్రవారం మధ్యాహ్నం ఇక్కడ ఎక్కి, దుబాయ్‌లో పది గంటలు కూర్చుని, ఆదివారం తెల్లవారుజామున మూడింటికి హైదరాబాద్‌లో దిగుతారు. అప్పుడు మీ నాన్నగారు "శనివారం ఏమైందిరా" అని అడుగుతారు, సిద్ధంగా ఉండు.

---

గ్లోబుమాస్టారు | ఏప్రిల్ 7, మధ్యాహ్నం 12:15

నేను తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. డ్రైవరుగారి ప్రశ్న నాకు భలే నచ్చింది. ఆయనే కాగితం మీద వేసుకునేటట్టు చెబుతాను.

భూమి గుండ్రం కాబట్టి, ఉత్తర దక్షిణాలుగా ఒక్కో డిగ్రీకి సుమారు 111 కి.మీ. శంషాబాద్ 17.2 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, డల్లాస్ విమానాశ్రయం 32.9 మీద. ఇక రేఖాంశాలు చూడండి. మనది తూర్పు 78.4, వాళ్ళది పడమర 97. రెండూ కలిపితే 175.4. ఇది 180కి దాదాపు దగ్గర. అంటే ఈ రెండు ఊళ్ళూ గోళానికి ఇంచుమించు ఎదురెదురు వైపుల్లో ఉన్నాయి. అలాంటప్పుడు దగ్గర దారి నేరుగా ఉత్తరానికి పోయి, ధ్రువం పక్కనుంచి అవతలికి దిగడమే.

ఇక్కణ్ణుంచి ధ్రువానికి 90లోంచి 17.2 తీస్తే 72.8 డిగ్రీలు. అక్కణ్ణుంచి డల్లాస్‌కి 90లోంచి 32.9 తీస్తే 57.1. మొత్తం 129.9. దాన్ని 111తో గుణిస్తే 14,419 కి.మీ.

సైన్లు, కొసైన్లు పెట్టి అసలు సూత్రంతో వేసినా 14,418 వచ్చింది. అసలు దారి సరిగ్గా ధ్రువం మీదుగా పోదు, ఓ 500 కి.మీ. పక్కనుంచి పోతుంది. అయినా ఒక్క కిలోమీటరే తేడా. నెట్‌లో మీరు చూసిన 8,960 మైళ్ళు కూడా ఇదే దూరం.

---

సూటిగా | ఏప్రిల్ 7, మధ్యాహ్నం 1:40

మాస్టారూ, మీరు పెద్దవారు, కానీ ఉత్తర ధ్రువమేంటండీ? మ్యాప్ తెరిచి చూడండి. హైదరాబాద్ నుంచి అడ్డంగా పడమటికి గీత గీస్తే అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్, అమెరికా. అది కదా సూటి దారి. అంత పైకి ఎక్కి మళ్ళీ కిందికి దిగడం దగ్గరెలా అవుతుంది?

---

గ్లోబుమాస్టారు | ఏప్రిల్ 7, మధ్యాహ్నం 2:20

నాయనా, ముప్ఫై ఏళ్ళు ప్రతి బ్యాచిలోనూ ఒకరు ఈ ప్రశ్న అడిగారు. గోడ మ్యాప్ చేసే మోసమిది. గుండ్రటి తొక్కని బల్లకేసి పరిస్తే పైభాగం సాగుతుంది. నిజంగా ఒక్క చుక్కగా ఉండే ధ్రువం, మ్యాప్‌లో పై అంచు పొడుగునా పెద్ద గీత అయి కూర్చుంటుంది.

నువ్వు చెప్పినట్టు 25వ అక్షాంశం మీదుగా అడ్డంగా పోయినా లెక్క 17,600 దాటుతుంది. మూడు వేల కిలోమీటర్లు ఎక్కువ.

నా దగ్గర 30 సెంటీమీటర్ల గ్లోబు ఉంది. ఇందాకే దారం పెట్టి చూశాను. రెండు ఊళ్ళ మీదా వేళ్ళతో నొక్కి బిగిస్తే 34 సెంటీమీటర్లు వచ్చింది, పైన ఇరుసుకి ఉన్న ఇత్తడి టోపీని ఆనుకుని పోయింది. ఆ గ్లోబు మీద ఒక సెంటీమీటరు 425 కి.మీ. గుణించుకో.

---

చుక్కాని | ఏప్రిల్ 7, రాత్రి 9:10

నేను గల్ఫ్‌లో ఫ్లైట్ డిస్పాచ్‌లో పనిచేస్తాను. విమానం ఏ దారిలో పోవాలి, ఎంత ఇంధనం పోయాలి అనేది కెప్టెన్‌తో కలిసి తేల్చేది మేమే. మాస్టారి లెక్క అక్షరాలా నిజం. కాకపోతే ఆ 14,418 ఎవరూ ఎగరని దూరం, ఎందుకంటే ఈ రెండు ఊళ్ళ మధ్య నేరుగా పోయే విమానం లేదు.

మధ్యలో దిగే ఊరుని బట్టి వేసుకుంటే ఇలా ఉంటుంది. దుబాయ్ మీదుగా 2,550, ఆపైన 12,920, మొత్తం 15,470. దోహా అయితే 2,910, 12,740, అంటే 15,650. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారితే 7,120, 8,260, మొత్తం 15,380. లండన్ కూడా అంతే, 15,380. చూశారా, ఎటు పోయినా 15,300–15,700 మధ్యలోనే. నేరు దూరం మీద వెయ్యి, పన్నెండు వందలు ఎక్కువ. ఖమ్మంకుర్రాడు చూసిన 15,500 ఇదే అయి ఉంటుంది.

కాబట్టి ఏ ఊరి మీదుగా పోతే దూరం తగ్గుతుంది అని బుర్ర పాడుచేసుకోకండి. వెయ్యి కిలోమీటర్లంటే గాల్లో గంటా పది నిమిషాలు. మారే చోట రెండు గంటలు కూర్చుంటారా, పదకొండు గంటలు కూర్చుంటారా అన్నదే ప్రయాణాన్ని నిర్ణయిస్తుంది.

ఇక గాలి. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి వీస్తుంది. మామూలుగా గంటకు 150–200 కి.మీ., చలికాలంలో ఒక్కోసారి 300 కూడా దాటుతుంది. దుబాయ్ నుంచి డల్లాస్ వెళ్ళేటప్పుడు దానికి ఎదురు పోవాలి, పదహారు గంటలు పడుతుంది. వచ్చేటప్పుడు అదే గాలి వెనకనుంచి తోస్తుంది, పద్నాలుగున్నర, పద్నాలుగూ నలభై నిమిషాల్లో వచ్చేస్తుంది. అదే విమానం, అదే దూరం. మేము రోజూ గాలి మ్యాప్ చూసి దారి మారుస్తాం. ఒకరోజు గ్రీన్‌లాండ్ మీదుగా పోతే, ఇంకోరోజు బాగా దక్షిణంగా పోవచ్చు. కిలోమీటర్లు పెరిగినా గాలి తక్కువుంటే ముందే చేరతాం.

ఆకాశంలో కూడా రోడ్లు మూస్తారు. 2022 నుంచి అమెరికా కంపెనీలకు రష్యా మీదుగా దారి లేదు. 2025 ఏప్రిల్ చివర్లో మన కంపెనీల విమానాలకు పాకిస్తాన్ దారి మూసింది. ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళేవాటికి దాంతో గంటలు పెరిగాయి, కొన్ని మధ్యలో దిగి ఇంధనం పోసుకోవాల్సి వచ్చింది.

---

బెజవాడబుల్లోడు | ఏప్రిల్ 7, రాత్రి 9:32

బాగుంది గానీ అన్నా, ఇంతమంది తెలుగోళ్ళు పోతున్నారు కదా. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి డైరెక్ట్ ఎందుకు వేయరు? విమానానికి ఓపిక లేకనా?

---

చుక్కాని | ఏప్రిల్ 7, రాత్రి 10:25

ఓపిక ఉంది. సింగపూర్–న్యూయార్క్ 15,300 కి.మీ. పైన, దాదాపు పద్దెనిమిదిన్నర, పంతొమ్మిది గంటలు, నడుస్తోంది. కాకపోతే ఆ విమానంలో 161 సీట్లే, అన్నీ బిజినెస్, ప్రీమియం ఎకానమీ. మామూలు ఎకానమీ సీటు ఒక్కటి కూడా లేదు. దూరం పెరిగేకొద్దీ ఇంధనం పెరుగుతుంది, ఆ ఇంధనాన్ని మోయడానికి మళ్ళీ ఇంధనం కావాలి. చివరికి మనుషుల్ని తగ్గించుకోవాలి.

హైదరాబాద్‌కి ఇంకో ఇబ్బంది. ఎయిర్‌పోర్టు సముద్ర మట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది, మే నెలలో 40 డిగ్రీల పైన ఎండ. వేడికి గాలి పలచబడుతుంది, రెక్కలకు పట్టు తగ్గుతుంది. రన్‌వే 4,260 మీటర్లు, పొడుగైనదే. అయినా నిండు ఇంధనం, నిండు జనంతో ఎండలో లేవాలంటే బరువు కోసుకోవాలి.

2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి చికాగోకి డైరెక్ట్ వేసింది, 13,300 కి.మీ. దాకా. ఎక్కువ కాలం నడవలేదు.

---

మందులషాపు | ఏప్రిల్ 8, ఉదయం 6:50

వరంగల్‌లో మెడికల్ షాపు నాది. బిడ్డలు టికెట్లు బుక్ చేస్తరు, తల్లిదండ్రులు మందుల కోసం మా దగ్గరికొస్తరు. నేను రోజూ చూసేది చెప్త.

షుగర్, బీపీ మందులు మొత్తం చేతి బ్యాగులోనే పెట్టుకోవాలె. ఆర్నెల్లకు సరిపడా తీసుకపోయి అన్నీ పెద్ద సూట్‌కేసులో పెడతరు, ఆ సూట్‌కేసు ఒకరోజు లేటుగొస్తే ఇక చూడాలె. ఇన్సులిన్ అయితే కింద సామాన్ల గదిలో అస్సలు వేయొద్దు, గడ్డకడితే పనికిరాదు. డాక్టరు చీటీ ఇంగ్లిష్‌లో, మందు అసలు పేరుతో రాయించుకోవాలె.

పదహారు గంటలు కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. రెండు గంటలకొకసారి లేచి వెనక దాకా నడిచి రావాలె, నీళ్ళు తాగాలె. బాత్రూమ్‌కి లేవాల్సొస్తదని నీళ్ళే తాగరు మనోళ్ళు. పొద్దు మాత్ర ఏ పొద్దున వేసుకోవాలె, ఖమ్మం పొద్దునా డల్లాస్ పొద్దునా అన్నది ముందే డాక్టర్ని అడిగి, టైములు కాగితం మీద రాయించుకోండి.

---

వంగతోట | ఏప్రిల్ 8, ఉదయం 11:15

బాబూ, నేను రాజమండ్రి నుంచి. వయసు 63. మా అమ్మాయి పురిటికి ఒక్కదాన్నే వెళ్ళొచ్చాను. ఇంగ్లిష్ వినడం వస్తుంది, మాట్లాడ్డం అంతంత మాత్రం. నాకు జరిగింది చెబుతాను, మీ అమ్మగారికి పనికొస్తుంది.

అది జనవరి. శంషాబాద్‌లో పొగమంచు. విమానం రెండు గంటలు లేటు. నాకు మారే ఊళ్ళో ఉన్నది గంటా ఇరవై నిమిషాలే. అల్లుడుగారు "తక్కువ టైమ్‌లో అయిపోతుంది అత్తయ్యా" అని వెతికి వెతికి ఆ టికెట్ కొన్నారు. దిగేసరికి రెండో విమానం వెళ్ళిపోయింది. కౌంటర్ దగ్గర ఓ యాభై మంది, అందరం అదే పరిస్థితి. నా చేతిలో ఓ సంచి, అందులో అమ్మాయికి కాయం లడ్డూలు. బాలింతకి కదా, అవి సామాన్లలో వేయలేదు. ఎక్కడా కింద పెట్టలేక, ఒళ్ళో పెట్టుకుని ఐదు గంటలు ఆ ఇనప కుర్చీలో కూర్చున్నాను. నా పక్కన నిజామాబాద్ ఆవిడ, ఆవిడ కొడుకు దగ్గరికి వెళ్తోంది. ఇద్దరం ఒక లడ్డూ విరుచుకు తిన్నాం.

చివరికి హోటల్ ఇచ్చారు, మర్నాడు వేరే విమానం ఇచ్చారు. డబ్బు కట్టమనలేదు, ఎందుకంటే మొత్తం ఒకే టికెట్ మీద ఉంది. మా పెద్ద తోడికోడలు వాళ్ళకి ఇలాగే జరిగితే, మిగులుతుందని రెండు ముక్కలుగా వేరు వేరు టికెట్లు కొన్నారట, రెండో ముక్క పూర్తిగా పోయింది. కొత్తది కొనుక్కోవాల్సి వచ్చింది.

కాబట్టి నాన్నా, ఒకే టికెట్. మధ్యలో రెండున్నర గంటలకి తగ్గకూడదు. నాలుగు ఉన్నా పరవాలేదు, వాళ్ళు కాళ్ళు చాపుకుంటారు.

---

ఖమ్మంకుర్రాడు | ఏప్రిల్ 8, రాత్రి 11:55

అందరికీ దండం. మా టికెట్ ఒకటే అమ్మా, దుబాయ్‌లో రెండుగంటలా ఇరవై ఐదు నిమిషాలు. మీరు చెప్పిన దానికి ఐదు నిమిషాలు తక్కువ, కొంచెం టెన్షన్‌గానే ఉంది.

మాస్టారూ, మీ లెక్క నాన్నకి చదివి వినిపించాను. కాగితం మీద తానే మళ్ళీ వేశాడు. 14,419 వచ్చింది గానీ, ధ్రువం పక్కనుంచి అన్నది మాత్రం మింగుడుపడలేదు. ఇంట్లో గ్లోబు లేదు. వీడియో కాల్‌లో చూస్తుండగానే వంటింట్లోంచి పుచ్చకాయ తెచ్చాడు. తొడిమని ఉత్తర ధ్రువం చేశాడు. ఒక పక్క లవంగం గుచ్చి "ఇది శంషాబాద్" అన్నాడు, అవతలి పక్క ఇంకోటి గుచ్చి "ఇది నువ్వు" అన్నాడు. అమ్మ కుట్టు మిషను దారం తీసి మొదట సూటిగా గారు చెప్పినట్టు నడుం చుట్టూ అడ్డంగా పెట్టాడు. రెండు కొసలూ బిగించి లాగేసరికి దారం నున్నటి తొక్క మీద జారి, పైకి పాకి, తొడిమ పక్కకొచ్చి ఆగింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఘాట్ రోడ్డు ఎక్కినట్టు ఎక్కి దిగడమన్నమాట" అన్నాడు.

అమ్మ మాత్రం "కాయ కోసేదాకా ఆ లవంగాలు తీయండి" అంది.

చుక్కాని అన్నా, నాన్నది ఇంకో ప్రశ్న: లీటరుకి ఎంతిస్తుంది?

---

సూటిగా | ఏప్రిల్ 9, ఉదయం 8:00

మాస్టారూ, నేనూ మా పాప బంతి మీద దారం పెట్టి చూశాను. ఓడిపోయాను.

---

చుక్కాని | ఏప్రిల్ 9, ఉదయం 9:20

డ్రైవరుగారు అడగాల్సిందే అడిగారు. ఈ దూరాలకు ఎక్కువగా వాడే బోయింగ్ 777-300ఈఆర్ ట్యాంకుల్లో లక్షా 81 వేల లీటర్లు పడతాయి. కిలోమీటరుకి పది లీటర్ల పైనే తాగుతుంది. 350 మంది ఎక్కితే, మనిషి లెక్కన లీటరుకి 30 కి.మీ. దరిదాపుల్లో వస్తుందనుకోండి.

---

ఖమ్మంకుర్రాడు | ఏప్రిల్ 9, రాత్రి 10:40

నాన్న సమాధానం యథాతథంగా: "మా బస్సు లీటరుకి ఐదు, నలభై ఐదు మంది. మనిషికి రెండొందల ఇరవై ఐదు. చెప్పు వాళ్ళకి."

---

పెద్దక్క_ప్లేనో | ఏప్రిల్ 10, ఉదయం 8:15

విన్నామని చెప్పు!

తమ్ముడూ, వీల్‌చెయిర్ పెట్టించు. దుబాయ్‌లో ఒక టెర్మినల్ నుంచి ఇంకో దానికి రైలెక్కి పోవాల్సి రావచ్చు, బోర్డులన్నీ ఇంగ్లిష్, అరబిక్. వీల్‌చెయిర్ అడిగితే మనిషి దగ్గరుండి తీసుకెళ్తాడు, సెక్యూరిటీ దగ్గరా ఇమ్మిగ్రేషన్ దగ్గరా ఇబ్బంది పడరు.

---

నడకమిత్ర | ఏప్రిల్ 10, ఉదయం 10:30

ఇదే నాకు నచ్చనిది. రోజూ ఐదు కిలోమీటర్లు నడిచే వాళ్ళు కూడా వీల్‌చెయిర్ ఎక్కుతున్నారు. ఒక్కో విమానానికి ముప్ఫై, నలభై కుర్చీలు. నిజంగా కాళ్ళు లేనివాళ్ళు చివరిదాకా ఎదురుచూడాలి. మా అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది, కుర్చీ రాక దిగాక నలభై నిమిషాలు విమానంలోనే కూర్చుంది. ముందు వెళ్ళినవాళ్ళలో సగం మంది సామాన్ల దగ్గర లేచి చకచకా నడుస్తున్నారు.

---

పెద్దక్క_ప్లేనో | ఏప్రిల్ 10, ఉదయం 11:05

మీ అమ్మగారికి జరిగింది తప్పే. కానీ భాష రానివాళ్ళకి ఇంకో దారేది చెప్పండి? ఎక్కువమంది కాళ్ళ కోసం ఎక్కరు, తప్పిపోతామన్న భయంతో ఎక్కుతారు.

---

నడకమిత్ర | ఏప్రిల్ 10, ఉదయం 11:30

దారుంది. పక్కనే నడుస్తూ గేటు దాకా తీసుకెళ్ళే సాయం కొన్ని కంపెనీలు ఇస్తాయి, మనం అడగం. లేదంటే అదే విమానంలో డల్లాస్ వెళ్ళే తెలుగు కుర్రాళ్ళు కనీసం పదిమంది ఉంటారు. శంషాబాద్ గేటు దగ్గర ఒక్కరిని పలకరించినా చాలు.

---

నిర్వాహకుడు | ఏప్రిల్ 10, మధ్యాహ్నం 12:10

వీల్‌చెయిర్ చర్చకి వేరే పోస్టు తెరిచాను, మిగతాది అక్కడ మాట్లాడుకోండి. ఇక్కడ దూరం, టైమ్, దారి.

---

పెద్దక్క_ప్లేనో | ఏప్రిల్ 10, సాయంత్రం 6:20

సరే, సామాన్ల సంగతి రెండు ముక్కలు రాసి వదిలేస్తా. పచ్చి కరివేపాకు తేనివ్వరు. నిమ్మ, నారింజ చెట్లకు తెగులు తెచ్చే పురుగు దాని మీద బతుకుతుందట. ఎండు కొబ్బరి చెక్-ఇన్ సామాన్లలో ఒప్పుకోరు, నూనె ఎక్కువ కాబట్టి త్వరగా అంటుకుంటుంది. మటన్, చికెన్ పచ్చళ్ళు వద్దే వద్దు. మామూలు ఆవకాయ పరవాలేదు, కానీ అడిగినప్పుడు ఉందని చెప్పాలి. మూడు కవర్లు చుట్టండి. మా అత్తయ్య ఒకే కవరు చుట్టింది. మా ఆయన తెల్ల చొక్కాలన్నీ ఆ ఏడాది గులాబీ రంగులోనే తిరిగాయి.

శాకాహారులైతే ఏషియన్ వెజిటేరియన్ భోజనం అని ముందే పెట్టించు, కనీసం ఒకరోజు ముందు. అక్కడికెళ్ళి అడిగితే ఉండదు.

---

ఖమ్మంకుర్రాడు | మే 19, రాత్రి 1:30

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. అమ్మా నాన్నా వచ్చేశారు. ఆదివారం ఫ్రిస్కో హనుమాన్ గుడికి కూడా వెళ్ళొచ్చాం. ఇద్దరూ రాత్రి రెండింటికి లేచి కూర్చుని, సాయంత్రం ఐదింటికి సోఫాలో తూలుతున్నారు. మందులషాపు గారు చెప్పిన టైముల కాగితం ఫ్రిజ్ మీద అంటించాను.

నడకమిత్ర గారూ, వీల్‌చెయిర్ తీసుకోలేదు. శంషాబాద్‌లో చెక్-ఇన్ లైనులోనే నల్గొండ అబ్బాయి దొరికాడు, డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాడట. దుబాయ్‌లో గేటు మార్చారు, అతనే పరుగెత్తించాడు. వంగతోట అమ్మా, ఆ ఇరవై ఐదు నిమిషాలే కాపాడాయి.

నాన్న చేతిలో డ్యూటీ డైరీ లాంటి నోటుబుక్ ఉంది. ఖమ్మంలో ఇంటి నుంచి మధ్యాహ్నం 1:30కి కారెక్కారు. ఆరింటికి శంషాబాద్. డల్లాస్‌లో ఇమ్మిగ్రేషన్, సామాన్లు కలిపి గంటన్నర. అక్కణ్ణుంచి మా ఇంటికి నలభై నిమిషాలు. "ఇంటి నుంచి ఇంటికి 33 గంటలు. నువ్వు చెప్పిన ఇరవై రెండున్నర కూడా తప్పే" అని రాసి కింద గీత గీశాడు.

పదహారు గంటల్లో పన్నెండు గంటలు మెలకువగా ఉన్నాడట. ముందు సీటు తెర మీద మ్యాప్ వస్తుంది కదా, గంటకోసారి చూసి వేగం, ఎత్తు, బయటి చలి రాసుకున్నాడు. ఒకచోట "గ్రీన్‌లాండ్. గంటకు 790. బయట మైనస్ 56. కింద అంతా తెలుపు, పచ్చదనం ఎక్కడా లేదు, పేరెవడు పెట్టాడో" అని ఉంది. ఇంకోచోట ఒక్క మాట: "పడుకుంది." అమ్మ గురించి.

చుక్కాని అన్నా, చివర్లో నీకోసం ఒక ప్రశ్న రాసి పెట్టాడు: పదహారు గంటలు ఒకే డ్రైవరా?

---

చుక్కాని | మే 19, ఉదయం 8:45

కాదని చెప్పు తమ్ముడూ. అంత దూరానికి మామూలుగా నలుగురు పైలెట్లు ఉంటారు. ఇద్దరు నడుపుతుంటే ఇద్దరు పడుకుంటారు, వాళ్ళకి మంచాలు వేరే ఉంటాయి, ప్రయాణికులకు కనిపించవు. లేవడానికి, దిగడానికి ఎవరు కూర్చోవాలో ముందే రాసి ఉంటుంది.

---

గ్లోబుమాస్టారు | మే 19, ఉదయం 10:05

డ్రైవరుగారి నోటుబుక్‌లో ఆ గంట గంట వేగాల పేజీ ఫోటో పెట్టగలవా నాయనా? గాలి ఎక్కడ ఎంత అడ్డొచ్చిందో లెక్కేసి చూడాలని ఉంది.

---

ఖమ్మంకుర్రాడు | మే 19, రాత్రి 11:20

ఫోటో రేపు పెడతాను మాస్టారూ, నోటుబుక్ దిండు కింద పెట్టుకుని పడుకున్నాడు.

అన్నా, నీ జవాబు విని చాలాసేపు ఆలోచించాడు. "శ్రీశైలం నైట్ సర్వీసుకి రెండో డ్రైవర్ని ఇమ్మని ఎన్నిసార్లు అడిగాం రా" అన్నాడు. తర్వాత అడిగాడు, ఆ పడుకున్న ఇద్దరికీ డ్యూటీ కడతారా అని.